తీరంలో పనిచేసే పర్యావరణ సంస్థ లోగోకు ఆకుపచ్చా, నీలమా?

నమస్కారం. మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ముందుగా ఒకసారి చెప్పి మొదలుపెడతాను. విశాఖలో ఇరవై మందికి పైగా కలిసి కొత్తగా ఒక సంస్థను రిజిస్టర్ చేయించారు. ఆదివారం ఉదయాలు తీరంలో ప్లాస్టిక్ ఏరడం, వానలు పడ్డాక కొండవాలున మొక్కలు నాటడం, తాబేళ్లు గుడ్లు పెట్టే రోజుల్లో అటవీ శాఖ వారికి చేతిసాయం చేయడం మీ పనులు. లోగో గీత ఖరారైంది: కింద ఒక అల, దాని మీద ఒక ఆకు. రంగుల దగ్గర మాత్రం పెద్దలు ఆకుపచ్చ అంటున్నారు, కొందరు నీలం అంటున్నారు, కుర్రవాళ్లు ఆ రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయే గ్రేడియంట్ అడుగుతున్నారు. డబ్బు తక్కువ, అభిప్రాయాలు ఎక్కువ అని మీరే రాశారు.

నా సమాధానం సూటిగా ఇది. ఒకే ఒక ముదురు రంగు తీసుకోండి. అది నలుపుకు దగ్గరగా ఉండే నీలాకుపచ్చ కావాలి. చీరల కొట్లో నెమలికంఠం రంగు అంటారే, దానికంటే రెండు మెట్లు ముదురుగా ఉండాలి. తెరమీద ఒక్కో వెలుగుకు 0 నుంచి 255 దాకా ఉండే కొలతలో ఎరుపు 11, ఆకుపచ్చ 79, నీలం 74 అంకెలతో మొదలుపెట్టి మీ కంటికి తగినట్టు కొద్దిగా జరుపుకోండి. దీనికి తోడుగా రెండో రంగు ఒకటి ఉండవచ్చు, కానీ అది లోగోలో భాగం కాకూడదు. పోస్టరు శీర్షికకో, టీషర్టు వెనుక అక్షరాలకో అప్పుడప్పుడు వాడుకునేదిగా ఉండాలి. దానికి నేను ఇటుక ఎరుపు చెబుతాను. గ్రేడియంట్ వద్దు.

నేను ఇరవై రెండేళ్లుగా అల్లిపురం, డాబాగార్డెన్స్ ప్రాంతంలో డిజైన్, స్క్రీన్ ప్రింటింగ్ పనిలో ఉన్నాను. అంతకుముందు గోడల మీద అక్షరాలు రాసే ఒక పెయింటరు గారి దగ్గర రంగు డబ్బాలు మోశాను. కాబట్టి నీలం అంటే నమ్మకం, ఆకుపచ్చ అంటే ప్రకృతి అనే జాబితాలతో నేను రంగును ఎంచుకోను. ఆ రంగు దేని మీద పడుతుంది, ఎండలో ఎన్నాళ్లు నిలుస్తుంది, మన ఊరి వీధిలో దాన్ని ఇప్పటికే ఎవరు తీసేసుకున్నారు అన్నవి ముందు చూస్తాను. కింద రాసేదంతా ఆ మూడు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది.

రంగు మాటకు ముందు ఒక్క పని చేయండి. మీ అల, ఆకు బొమ్మను పూర్తి నలుపులో, బొటనవేలి గోరంత సైజులో ముద్రించి చూడండి. సంస్థ మొదటి ఏడాదిలో లోగో ఎక్కువగా కనిపించేది టీషర్టు మీద కాదు, లెటర్‌హెడ్ మీద. కలెక్టరేట్‌కు ఒక అర్జీ, నగరపాలక సంస్థకు ఒకటి, కాలుష్య నియంత్రణ మండలికి ఒకటి ఇస్తారు. అవన్నీ లోపల ఎవరో ఒకరు జెరాక్స్ తీస్తారు, ఆ జెరాక్స్‌కు మళ్లీ జెరాక్స్ తీస్తారు. లేత ఆకుపచ్చ లోగో రెండో కాపీకే మసకబారిపోతుంది, పసుపు అయితే మొదటి కాపీలోనే మాయమవుతుంది. రబ్బరు స్టాంపు సంగతి చెప్పనవసరం లేదు; మీరు ఏ రంగు అనుకున్నా ఆ ప్యాడ్‌లో ఉన్న ఊదా సిరాలోనే అది పడుతుంది.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు. 1961లో ప్రపంచ వన్యప్రాణి నిధి మొదలైనప్పుడు పాండా గుర్తును ఎంచుకోవడానికి ఉన్న కారణాల్లో ముద్రణ ఖర్చు కూడా ఒకటి. నలుపు తెలుపుల్లోనే ప్రభావం చూపే జంతువు కావాలనుకున్నామని ఆ సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన సర్ పీటర్ స్కాట్ చెప్పారు. అరవై ఏళ్లు దాటినా ఆ గుర్తులో ఆకుపచ్చ చుక్కయినా లేదు. అట్టపెట్టెల మీద కనిపించే మూడు బాణాల రీసైక్లింగ్ గుర్తు కూడా అంతే. 1970లో గ్యారీ ఆండర్సన్ అనే విద్యార్థి ఒక పోటీకి గీసిన ఆ బొమ్మ ఆ పెట్టె మీద ఏ సిరా నడుస్తుంటే ఆ సిరాలోనే పడుతుంది, అయినా ప్రతివారూ గుర్తుపడతారు.

ఇక ఆకుపచ్చ మీద నాకున్న అభ్యంతరం. రంగు చెడ్డది కాదు, రద్దీ ఎక్కువ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక మన కొండలు ఎలా గోధుమరంగులో మోడులై నిలబడ్డాయో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాతి ఏడాదిన్నరలో మొక్కలు నాటే సంఘాలు వాడవాడలా వెలిశాయి, వాటిలో నాలుగింటికి లోగో నేనే చేశాను. నాలుగింటిలోనూ అరచేయి, అరచేతిలో మొలక, మధ్యరకం ఆకుపచ్చ. ఒక రోజు ఒక సంఘం టోపీల మీద పొరపాటున మరో సంఘం స్క్రీన్ వేసి ముద్రించేశాను. అరవై టోపీలు ఆరబెట్టే దాకా నేను గమనించలేదు, పట్టుకెళ్లడానికి వచ్చిన కార్యదర్శి గారు కూడా గమనించలేదు. ఇంటికి వెళ్లాక వారి అమ్మాయి పేరు చదివి చెప్పిందట. ఆ టోపీల ఖర్చు నేనే భరించాను. గుర్తు పని గుర్తించేలా చేయడమే కదా, తయారుచేసిన నేనే తేడా పట్టలేని వస్తువును లోగో అని ఎలా అనగలను?

మధ్యరకం ఆకుపచ్చకు మరో రెండు చిక్కులున్నాయి. చతురస్రంలో గుండ్రని ఆకుపచ్చ బొమ్మ పెడితే మన దేశంలో ఎవరి కంటికైనా అది ముందుగా బిస్కెట్ ప్యాకెట్ మీది శాకాహార గుర్తులాగే తోస్తుంది. వాట్సాప్ డీపీ అంత చిన్నదిగా చేసినప్పుడు ఈ పోలిక మరీ ఎక్కువవుతుంది. ఆకుపచ్చ, నీలం పక్కపక్కన సమానంగా పెడితే తడి చెత్త, పొడి చెత్త బుట్టల జంట గుర్తుకొస్తుంది. చెత్త వేరు చేయడం మీద ప్రచారం చేసే సంస్థకైతే అదే సరైన ఎంపిక కావచ్చు, మీకు కాదు.

కంపెనీలు ఆకుపచ్చను ఎలా వాడుకున్నాయో కూడా జనం చూశారు. బ్రిటిష్ చమురు సంస్థ బీపీ 2000లో ఆకుపచ్చ, పసుపు రేకుల పువ్వులాంటి లోగో పెట్టుకుంది. 2010లో ఆ సంస్థ బావి నుంచి కారిన చమురు మెక్సికో సింధుశాఖలో తెట్టుగా పరచుకున్నప్పుడు నిరసనకారులు ఆ పువ్వు మీదే నల్లరంగు పూసి పోస్టర్లు వేశారు. మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024లో గ్రీన్‌వాషింగ్ మీద మార్గదర్శకాలు ఇచ్చింది. మోసగించే ఉద్దేశం లేకుండా మామూలు రంగులు వాడటాన్ని అవి తప్పుపట్టవు కాబట్టి ఆ భయం మీకు అక్కరలేదు. చట్టం ఊరుకున్నా చూసేవాళ్ల మనసులో మాత్రం ఆకుపచ్చను చూడగానే పుట్టే నమ్మకం ఒకప్పటి కంటే పలచబడింది.

ఇప్పుడు బయటి ఊళ్ల డిజైనర్లు చెప్పని సంగతికి వస్తాను. మన రాష్ట్రంలో ఏ రెండు రంగులు పక్కపక్కన పెట్టినా అది ఏదో ఒక పార్టీ జెండా అవుతుందేమో చూసుకోవాలి. పసుపు తెలుగుదేశానిది. నీలం, తెలుపు, ఆకుపచ్చ మూడూ వైఎస్సార్ కాంగ్రెస్‌వి. కాషాయం పక్కన ఆకుపచ్చ పెడితే బీజేపీ, తెలుపు మీద ఎరుపు అంటే జనసేన, ఒట్టి ఎరుపు అయితే గాజువాక వైపు ఏ కార్మిక సంఘమో అనుకుంటారు. పంచాయతీ భవనాలకు అప్పటి అధికార పార్టీ జెండా రంగులు వేసిన వివాదం 2020లో హైకోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లి, ఆ రంగులు తీసేయాల్సి వచ్చిన రాష్ట్రం మనది. ఆ గొడవ నడుస్తుండగా ప్రభుత్వం వారు ఎర్రమట్టి రంగు ఒకటి అదనంగా చేర్చి, ఇవి పార్టీ రంగులు కావు, ఆకుపచ్చ పంటలకు, నీలం జలచరాల పెంపకానికి, తెలుపు పాలకు, మట్టిరంగు నేలకు గుర్తులని వివరణ ఇచ్చారు. కోర్టు అంగీకరించలేదు. రంగుకు మనం కాగితం మీద రాసుకునే అర్థం వేరు, రోడ్డు మీద అది ఇచ్చే అర్థం వేరు.

నేను ఇది దెబ్బతిని నేర్చుకున్నాను. కొన్నేళ్ల క్రితం ఒక తీర శుభ్రత బృందానికి నీలపు అల, తెల్లని నురగ, ఆకుపచ్చ కొండ పెట్టి లోగో చేసి ఇచ్చాను. తెరమీద ఎంతో ముచ్చటగా ఉంది. ఆ టీషర్టులు వేసుకుని వారు మత్స్యకారుల పేటలోకి తెగిపోయిన వలల ముక్కల గురించి చెప్పడానికి వెళితే, వల అల్లుకుంటున్న పెద్దాయన తలెత్తి, "ఏటి బాబూ, మీరే పార్టీవోళ్లు? ఎలచ్చన్లు అయిపోనాయి కదా" అన్నాడట. నలుగురు నవ్వారు, కానీ ఆ పేటలో వారి మాట వినడానికి ఎవరూ కూర్చోలేదు. అక్కడ మరో పార్టీ అభిమానులు ఎక్కువ. ఆ బృందం ఆరు నెలలకు రంగు మార్చుకుంది. పాత టీషర్టులు ఇప్పటికీ వారి ఇళ్లలో గచ్చు తుడిచే గుడ్డలుగా ఉన్నాయని విన్నాను. మీ అల, ఆకు బొమ్మకు నీలం, ఆకుపచ్చ వేసి తెల్ల బట్ట మీద ముద్రిస్తే సరిగ్గా అదే జరుగుతుంది. గ్రేడియంట్ చేసినా ఆ పోలిక పూర్తిగా పోదు.

నీలాకుపచ్చ ముదురు రంగు ఒక్కటే వాడితే ఈ గొడవ ఉండదు. అది అటు ఆకుపచ్చ కాదు, ఇటు నీలం కాదు, పైన చెప్పిన ఏ పార్టీ జెండాలోనూ లేదు. ఇటుక ఎరుపు గురించి మాత్రం ఒక జాగ్రత్త: దాన్ని ఎప్పుడూ తెలుపుతో, నీలంతో కలిపి అడ్డపట్టీలుగా వేయవద్దు, ఆ పంచాయతీ గోడల కథ ఇంకా ఎవరూ మరచిపోలేదు.

ఈ సందర్భంలో ఒక మాట కూడా చెప్పుకోవాలి. తెలుగులో పచ్చ అన్న పదానికి పసుపూ ఆకుపచ్చా రెండు అర్థాలూ ఉన్నాయి. పచ్చని చేను ఆకుపచ్చగా ఉంటుంది, పచ్చకామెర్లు వచ్చినవాడి కళ్లు పసుపుగా ఉంటాయి. నేను కొత్తలో ఒక బడి గోడ మీద చెట్ల బొమ్మకు కింద గీత పచ్చగా వేయమని పెయింటరుకు ఫోనులో చెప్పి ఊరుకున్నాను. వెళ్లి చూసేసరికి ఇరవై అడుగుల పొడవున పసుపు గీత ఎండలో మెరుస్తోంది. "పచ్చే కదండీ అన్నారు" అని అతను డబ్బా మూత చూపించాడు. తప్పు అతనిది కాదు. కాబట్టి మీ సమావేశాల్లోనూ, పనివాళ్లతోనూ పచ్చ అన్న మాట ఒంటరిగా వాడకండి. ఆకుపచ్చ అనండి, లేదా చిలకపచ్చ, రామా గ్రీన్, నెమలికంఠం లాంటి చీరల పేర్లు చెప్పండి. రంగు నంబరు తెలియనివారికి కూడా ఈ పేర్లు వినగానే కళ్లముందు ఒక ఛాయ కనబడుతుంది. నా దగ్గర ఇరవై దాకా జాకెట్టు ముక్కలు కట్టిన ఒక గుత్తి ఉంటుంది; రంగులకు నంబర్లు వేసి అమ్మే ఖరీదైన పాంటోన్ కార్డు కంటే దాన్ని చూపించి ఒప్పందం కుదుర్చుకోవడం నాకు తేలిక.

ఇక వస్తువు సంగతి. మీరు ఫ్లెక్సీ వేయరనే అనుకుంటున్నాను. రాష్ట్రంలో ప్లాస్టిక్ ఫ్లెక్సీలను నిషేధిస్తామన్న ప్రకటన 2022 ఆగస్టులో మన విశాఖ వేదిక మీద నుంచే వచ్చింది. తరువాత అమలు ఎలా సాగినా, తీరంలో ప్లాస్టిక్ ఏరే సంస్థ ఫ్లెక్సీ ముందు నిలబడి ఫొటో దిగితే చూసేవాళ్లు ఊరుకోరు. అయినా ఫ్లెక్సీ ఒక పాఠం నేర్పింది, అది మీకు పనికొస్తుంది. నాలుగు సిరాల ముద్రణలో ఆకుపచ్చ అన్నది విడిగా ఉండదు; సయాన్ అనే నీలం చుక్కలు, పసుపు చుక్కలు కలిసి కంటికి ఆకుపచ్చగా కనిపిస్తాయి. మన ఎండకు ఆ సిరాల్లో పసుపూ, మజెంటా అనే గులాబీ సిరా ముందుగా వెలుస్తాయి, సయాన్ మొండిగా నిలుస్తుంది. బీచ్ రోడ్డులో తూర్పుముఖంగా పెట్టిన ఒక బోర్డు మీద నేను ముద్రించిన ఆకుపచ్చ చెట్టు ఒక్క వేసవి దాటేసరికి మబ్బునీలం చెట్టుగా మారింది. పాత కొట్ల అద్దాల్లో సినిమా పోస్టర్లన్నీ నీలంగా పాలిపోయి ఉండటానికి కారణం కూడా ఇదే. పసుపు పాలు ఎక్కువగా ఉన్న ఆకుపచ్చ, అంటే చిలకపచ్చ, మామిడాకు లేతపచ్చ లాంటివి, మన తీరంలో ఎక్కువకాలం బతకవు. నేను చెప్పిన నీలాకుపచ్చలో అన్నిటికంటే సయాన్ ఎక్కువ, పసుపు అంతకంటే తక్కువ, నలుపు కూడా తోడు ఉంటుంది. నాలుగు సిరాల శాతాలు సయాన్ 90, మజెంటా 45, యెల్లో 65, బ్లాక్ 40 దగ్గర మొదలుపెడితే దగ్గరి ఛాయ వస్తుంది. ఎండకు వెలిసినా అది మరికాస్త నీలం వైపు జరుగుతుందంతే, వేరే రంగుగా మారిపోదు.

గుడ్డ బ్యానర్లు, గుడ్డ సంచులు, టీషర్టులు మీకు ముఖ్యమైనవి. ఇవి స్క్రీన్ ప్రింటింగ్ పనులు. ఇందులో ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ తయారుచేయాలి. వంద సంచులకు ఒక రంగు అయితే వంద సార్లు స్క్వీజీ, అంటే స్క్రీన్ మీద సిరాను నెట్టే రబ్బరు పట్టీ, లాగాలి; రెండు రంగులైతే రెండు వందల సార్లు, పైగా రెండోది మొదటిదాని మీద సరిగ్గా కూర్చోవాలి. మీ బొమ్మలో అల మీద ఆకు ఆనుకుని ఉంది కాబట్టి గుడ్డ ఒక మిల్లీమీటరు జరిగినా మధ్యలో తెల్లని సందు కనిపిస్తుంది. గ్రేడియంట్‌ను చుక్కలుగా విడగొట్టి వేయవచ్చు, కానీ ముతక కోరా గుడ్డ నేత మీద ఆ చుక్కలు పగిలి, తామర పట్టినట్టు కనిపిస్తుంది. మీ కుర్రవాళ్లు నా మీద కోపం తెచ్చుకోవద్దని చెప్పండి. వారికి వీడియోల్లో, తెరమీద కదిలే బొమ్మల్లో గ్రేడియంట్ వాడుకునే స్వేచ్ఛ ఉంది, అసలు ఫైలులో మాత్రం వద్దు.

సిరా విషయం మీరు అడగలేదు, అయినా చెప్పకుండా ఉండలేను. టీషర్టు మీద చేయి వేస్తే రబ్బరులా తగిలే ముద్ర సాధారణంగా ప్లాస్టిసాల్ సిరాది. అందులో ఉండేది పీవీసీ, అంటే ఫ్లెక్సీలో ఉన్న ప్లాస్టిక్ జాతిదే. మీ సంస్థకు నీటితో పలుచన చేసే వాటర్‌బేస్ సిరా అడగండి. అయితే ఆ ఎంపిక రంగును కూడా నిర్ణయిస్తుంది. వాటర్‌బేస్ సిరా బట్టలోకి ఇంకిపోతుంది, పైపూతలా నిలబడదు. ముదురు బట్ట మీద లేత రంగు వేస్తే చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. అందువల్ల లేత బట్ట, ముదురు సిరా అన్న జంటే దానికి సరిపోతుంది. కోరా గుడ్డకు సహజంగా ఉండే మీగడ రంగు కూడా సిరాలో కలుస్తుందని మరచిపోకండి. ఆకాశనీలం దాని మీద పడితే పాచిపట్టిన ఆకుపచ్చగా తేలుతుంది, లేతాకుపచ్చ అయితే మురికి వెలిసిన రంగులోకి దిగుతుంది. ముదురు నీలాకుపచ్చ ఒక్కటే కోరా మీద తెల్లకాగితం మీద ఉన్నట్టే ఉంటుంది. ముద్రణలో విడిగా కలిపి వాడే ఆకుపచ్చ రంగుపొడిలో సాధారణంగా ఉండేది రాగి, క్లోరిన్ ఉన్న థాలోసయనిన్ ఆకుపచ్చ అని, 1775లో షీలే అనే రసాయన శాస్త్రవేత్త కనిపెట్టిన పాత ఆకుపచ్చలోనైతే ఏకంగా పాషాణమే (ఆర్సెనిక్) ఉండేదని ఎవరైనా సమావేశంలో చెబితే ఆశ్చర్యపోకండి, అది నిజమే. దానివల్ల మీ నిర్ణయం మారనవసరం లేదు. తక్కువ సిరా, ఒకే రంగు, ఎక్కువకాలం వాడే సంచి అన్నవే అక్కడ లెక్కలోకి వస్తాయి.

తెర గురించి కొంచెమే చెబుతాను. ఫోనులో కనిపించే మెరుపు ఆకుపచ్చ, ఆ నియాన్ ఛాయ, కాగితాలు అచ్చేసే ప్రెస్సు పద్ధతి అయిన ఆఫ్‌సెట్‌లో రాదు. ఎవరు ఎంత మంచి ప్రెస్సులో వేసినా నాలుగు సిరాల పరిధికి అది అందదు. ముద్రించి తెచ్చిన తర్వాత ప్రెస్సువాడితో తగవు పడేవారిని నేను నెలకు ఒకరినైనా చూస్తాను. ఫోనులో చూసి ఎంచుకోకుండా, కాగితం మీద చూసి ఎంచుకుని ఆ తర్వాత ఫోనుకు సరిచేయండి.

చదవగలగడానికి అంతర్జాతీయంగా ఒక కొలత ఉంది: మామూలు అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా కనీసం 4.5కు 1, పెద్ద అక్షరాలకూ గుర్తులకూ 3కు 1 ఉండాలి. అందరూ మక్కువపడే లేతాకుపచ్చ, అంటే ఎరుపు 139, ఆకుపచ్చ 195, నీలం 74 తీసుకుని దాని మీద తెల్ల అక్షరాలు రాస్తే ఆ నిష్పత్తి 2.1 దగ్గర ఆగిపోతుంది. అంటే ఉదయం ఎనిమిదింటికి ఆర్కే బీచ్‌లో ఎండ కళ్లలో పడుతుండగా మీ బ్యానరు మీద పేరు ఎవరికీ కనబడదు. నేను చెప్పిన ముదురు రంగుకు తెలుపుతో నిష్పత్తి 9 దాటుతుంది. ఇటుక ఎరుపును ఎరుపు 178, ఆకుపచ్చ 74, నీలం 42 అనుకుంటే తెలుపుతో 5.4 వస్తుంది, అదీ సరిపోతుంది.

అయితే ఇక్కడ నా సలహాలోనే ఒక లోపం ఉంది, దాచను. ఆ ముదురు రంగునూ ఇటుక ఎరుపునూ ఒకదానికొకటి ఆనించి పెడితే వాటి మధ్య నిష్పత్తి 2 కూడా ఉండదు. ఇటుకరంగు నేపథ్యం మీద నీలాకుపచ్చ అక్షరాలు రాయవద్దు, మధ్యలో తప్పనిసరిగా తెలుపో కోరా రంగో సందు వదలండి. ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియనివారు మగవాళ్లలో తక్కువేమీ కాదు. ఐరోపా సంతతి పురుషుల్లో అయితే నూటికి ఎనిమిది మంది దాకా ఉంటారు. మా పెయింటరు గారికే ఆ ఇబ్బంది ఉండేదని, డబ్బాల మీద కాగితాలు అంటించుకోవడానికి కారణం అదేనని చాలా ఏళ్లకు తెలిసింది.

ఇటుక ఎరుపే ఎందుకంటే, అది మన ఊరి మట్టి. భీమిలి దారిలో ఉన్న ఎర్రమట్టి దిబ్బల్లో ఇసుక రేణువుల చుట్టూ ఐరన్ ఆక్సైడ్ పూతలా పట్టి ఉంటుంది, ఆ ఎరుపు దానిదే. రంగు ఎంచుకోవడానికి మీ వాళ్లను ఒక ఉదయం అక్కడికి తీసుకెళ్లండి, ఫొటోలు తీసుకోండి, మట్టి మాత్రం సంచిలో వేసుకుని రాకండి, అది రక్షిత స్థలం. తెన్నేటి పార్కు దగ్గర నిలబడి సముద్రాన్ని ఉదయం, మిట్టమధ్యాహ్నం, మబ్బు పట్టినప్పుడు మూడుసార్లు చూడండి. మన సముద్రం క్యాలెండర్లలోని మాల్దీవుల నీలం కాదు. చాలా రోజులు అది బూడిద కలిసిన నీలాకుపచ్చగానే ఉంటుంది. వానలు పడ్డాక కంబాలకొండ అడవి దూరం నుంచి కనిపించే ఛాయ కూడా ఆకుపచ్చ కంటే ముదురు నీలానికి దగ్గర. ఆలివ్ రిడ్లీ తాబేలు డిప్ప రంగు, ఆ పేరు పెట్టడానికి కారణమైన బూడిదాకుపచ్చ, ఈ కుటుంబానిదే. సముద్రం వాళ్లదీ కొండ వాళ్లదీ ఒకే రంగు అని ఈ మూడు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపిస్తే మీ సమావేశంలో సగం తగవు తీరుతుంది. నేను ఒక సంస్థకు అలాగే చేశాను. ఫొటోల్లోంచి చదరపు ముక్కలు కత్తిరించి, ఏది ఎక్కడిదో చెప్పకుండా బల్ల మీద పెట్టాను. సముద్రపు ముక్కను కొండ అనుకున్నవారే ఎక్కువ.

ఓటింగు మాత్రం పెట్టవద్దు. వాట్సాప్ గ్రూపులో ఆరు రంగులు పెట్టి నచ్చినదానికి బొటనవేలు చూపమంటే, ఒక్కొక్కరి ఫోను ఒక్కో రంగు చూపిస్తుంది, అందరూ వేర్వేరు రంగులకు ఓటు వేస్తారు. ముగ్గురు కూర్చుని రెండు ఛాయలు మాత్రమే ఎంచుకోండి. రెండింటినీ కోరా గుడ్డ ముక్కల మీద వాటర్‌బేస్ సిరాతో ముద్రించమని ఎవరైనా స్క్రీన్ ప్రింటరును అడగండి. పెద్ద ఆర్డరు వస్తుందంటే నమూనాకు ఎక్కువ తీసుకోరు. ఒక్కో ముక్కను రెండుగా చించి, సగం బీరువాలో, సగం మేడ మీద బట్టలారేసే తీగ మీద ఉంచండి. మీ ఇల్లు సముద్రం వైపు అయితే ఇంకా మంచిది, ఉప్పుగాలి కూడా పరీక్షలో భాగమవుతుంది. ఆరు వారాలకు దించి, నాలుగు సార్లు సబ్బుతో ఉతికి, రెండు సగాలనూ పగటి వెలుగులో నీడపట్టున పక్కపక్కన పెట్టి చూడండి. తేడా తక్కువగా ఉన్నదే మీ రంగు.

ఆ తరువాత ఒక కాగితం మీద తెరకు మూడు అంకెలు, ఆఫ్‌సెట్‌కు నాలుగు అంకెలు, పాంటోన్ కార్డులో దగ్గరి నంబరు, మీరు దాన్ని పిలుచుకునే తెలుగు పేరు రాసి, బీరువాలో దాచిన ఆ గుడ్డ ముక్కను ఆ కాగితానికి పిన్ను కొట్టి కార్యదర్శి ఫైలులో పెట్టండి. కొత్త ప్రింటరు దగ్గరకు వెళ్లిన ప్రతిసారీ ఫోనులో ఫొటో పంపకుండా ఆ ముక్కనే పట్టుకెళ్లండి.